నలభై ఒకటో నంబరు

తాగుడు మాన్పించే చికిత్సల మీద ముప్ఫయ్యేళ్ళు పరిశోధన చేసిన ఆవిడ రేపు రిటైరవుతోంది. ఆవిడ గదిలో వడ్రంగి పుస్తకాల అర విప్పుతున్నాడు.

“అమ్మా, ఆ నీలం ఫైల్లో నేనూ ఉన్నాను. నలభై ఒకటో నంబరు పేషెంటుని.”

“మీరా! పన్నెండేళ్ళ క్రితం ఫోనెత్తడం మానేశారు. ఎంత వెతికించానో తెలుసా?”

“మరి నా నంబరు పక్కన ఏం రాశారు?”

“మళ్ళీ తాగుతున్నారని. దొరకనివాళ్ళందరికీ మేం అలాగే రాస్తాం.”

“ఎంత అన్యాయం! అప్పట్నుంచీ ఒక్క చుక్క ముట్టలేదమ్మా.”

“మరి ఫోనెందుకు ఎత్తలేదండీ?”

“నెలనెలా మీవాళ్ళు ‘ఈ నెల ఎన్ని రోజులు తాగారు’ అని అడిగేవాళ్ళు. పనిలో పడి మర్చిపోయినదాన్ని గుర్తుచేసేవాళ్ళు. ఇక ఆ సాయంత్రమంతా నాలుక పీకేసేది. అందుకే ఫోను నంబరు మార్చేశాను.”

“అయ్యయ్యో! ఇన్నేళ్ళలో ఆ మాట మాకు ఒక్కరూ చెప్పలేదే.”

“చెప్పాలంటే ఫోనెత్తాలి కదమ్మా.”

ఆవిడ పకపకా నవ్వి, ఫైలు తెరిచి పెన్ను తీసింది.

“ఇప్పుడే దిద్దేస్తాను. ఈ నెల ఎన్ని రోజులు...” అంటూనే నాలిక్కరుచుకుంది.

“పర్లేదు, అడగండి. ఇప్పుడేం కాదు. సున్నా అని రాయండి. కాస్త పెద్దగా రాయండమ్మా, కళ్ళజోడు తెచ్చుకోలేదు.”