తాళం వేసిన ఇంటి ఉత్తరాలు

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. సన్నని జల్లు, గాలి లేదు. రక్తపరీక్షల గదిలో పనిచేసే అక్క, సైకిలుకు టపా సంచి తగిలించుకుంటున్న తమ్ముణ్ణి గుమ్మం దగ్గరే ఆపింది. ఆమె చేతిలో అతడి రెండో రిపోర్టు ఉంది.

“చెడు కొవ్వు నూట తొంభై ఆరు. ఆరు వారాల కిందట ఎంతో, ఇప్పుడూ అంతే. మాత్ర వేసుకోలేదు కదూ?”

“బొద్దుగా ఉన్నది నువ్వు, మాత్రలు నాకా? రోజూ ముప్పై కిలోమీటర్లు తొక్కుతున్నానక్కా.”

“నాన్న నీకంటే సన్నం. గుండెపోటుతో పోయాడు, నలభై ఆరేళ్లు దాటలేదు.”

“నాకు మంచి కొవ్వు కూడా బాగానే ఉందిగా! అది ఊడ్చేస్తుందిలే.”

“ఒరేయ్, తాళం వేసిన ఇంట్లో రోజూ పది ఉత్తరాలు పడేసి, రెండు మాత్రం వెనక్కి తెస్తే ఏమవుతుంది?”

“గుమ్మం నిండిపోతుంది. తలుపు తెరుచుకోదు.”

“నీ రక్తనాళాల గోడల్లో జరిగేది అదే. మంచిది కొంచెమే వెనక్కి తెస్తుంది; చెడ్డది వేసేది తగ్గాలి. అది తొక్కితే తగ్గే రకం కాదు, నాన్న ఇచ్చిన ఆస్తి.”

“నీ వంతు కూడా నేనే కొట్టేశానన్నమాట!”

“నవ్వకు.”

అతడు సంచి పట్టీ సవరించుకున్నాడు.

“మాత్ర మింగితే, నాన్నకొచ్చిందే నాకూ వచ్చిందని ఒప్పుకున్నట్టేగా అక్కా.”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“ఒప్పుకో నాన్నా. ఒప్పుకుని బతుకు.”

“సరే, నీళ్లియ్యి. టపాకు ఆలస్యమవుతోంది.”

పదిహేడేళ్ల తరువాత, అరవై నిండి ఉద్యోగం విరమించిన సాయంత్రం, తమ్ముడు సైకిలు తొక్కుకుంటూనే అక్క ఇంటికి వచ్చాడు.