వాసవాంబ నొక్కిన బటన్

జార్జి టౌన్‌లో కోటిలింగం పసుపు మండీ. ఆసుపత్రి యాప్ తయారుచేసిన కంపెనీ నుంచి అక్షయ వచ్చింది.

“ఆ స్వీటు డబ్బా బల్ల మీద పెట్టబాక పాపా. చేతిలోనే ఉంచుకో.”

“సారీ అంకుల్. వాసవాంబ ఆంటీ పోయిన సంగతి మొన్ననే తెలిసింది. మా యాప్ ముందు పేజీలో ఆంటీ వీడియో ఉంది కదా, అది…”

“ఉండాది. చచ్చిపోయినామె నవ్వతా ‘సులువే’ అంటా ఉండాది. థూ.”

“దాన్ని అట్లే ఉంచుకునేదానికి మీరు సంతకం పెడితే…”

“ఆ మాట ఎట్ట అనిపించినారు?”

“అనిపించలేదంకుల్. యాప్ చేసేటప్పుడు వాడేవాళ్లనే పిలిచి అడుగుతాం. పెద్దవాళ్లకు తగినట్టు—”

“పిలిచినారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినారు. కాఫీ ఇచ్చినోళ్ల మొహం మీద బాలేదని మా ఇళ్లల్లో అనరు. సులువే అనేసి వచ్చింది. మీకు కావాల్సిందీ అదే.”

“అట్ల కాదంకుల్…”

“గుండె నొప్పొచ్చిన పొద్దు ఇంట్లో ఒక్కతే. నేను ఈడ మండీలో. పోయి చూస్తే చేతిలో ఫోను, ఫోనులో మీ యాపు. అంబులెన్సు బటను ఏడుందో కనుక్కోలేక పోయింది.”

“అయ్యో, అంకుల్!”

“మీరంటే అసహ్యం. కోపం మాత్రం ఆమె మీదే. నాకు తెలీలేదని నోరు తెరిచి చెప్పుంటే మార్చుండేవాళ్లు కదా? ఏం మర్యాద అది! సరే, వీడియో పెట్టు.”

“ముందు పేజీలో ఉండేదేనా?”

“అది చూసినా. ఒక్క మాటేగా. దానికి ముందుండేది పెట్టు.”

“పూర్తిది… సౌండు సరిగా రాలేదంకుల్. వద్దు.”

“ఉందా, లేదా?”

“ఉంది.”

“సంతకం కావాలా, వద్దా?”

“…కావాలి.”

“పెట్టు మరి.”

వీడియోలో:

‘అంబులెన్సు పిలవండి ఆంటీ.’

‘ఏడుంది పాపా? కనపళ్లా.’

‘పైన మూడు గీతలున్నాయి, చూడండి.’

‘గీతలేగా. బటను ఏది?’

‘ఇదుగో, నేనే నొక్కేస్తా. అంతే! ఎట్లుంది ఆంటీ?’

“ఈ గొంతు నీదే కదా?”

“ఆపేస్తా అంకుల్.”

“ఆపబాక.”

‘నువ్వు నొక్కితే సులువే. నాకు తెలీలేదని రాసుకో పాపా. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటా.’