అడుగున ఎరుపు వేసి చూసిన కళ్లు

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, జూన్ పదమూడున మన యానిమేషన్ సంస్థలో చిత్రకారులుగా చేరిన ఆయన, తమకు ఇచ్చిన తెల్లరంగు సీసా మూత తీసి, ఒక గీత గీసి, అది నిజంగా తెలుపేనా అని కిటికీ వెలుగులో చూసుకున్నాకే కుర్చీలో కూర్చున్నారట. అనుమానమే పెట్టుబడిగా వృత్తిలోకి దిగిన ఆ పెద్దమనిషి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మనకు ఆయన ఎర్రట్ట మాస్టారు. ఆ పేరు ఎలా వచ్చిందో వారి ఇంట్లో వాళ్లకు తెలియదు కనుక చెప్పక తప్పదు.

తొలి రోజుల్లో ఆయన పని, బొమ్మల వెనక ఆకాశాలూ గోడలూ వీధులూ కుంచెతో వేయడం. కంప్యూటర్లు వచ్చి కుంచెల గది మూతపడ్డాక, పూర్తయిన యానిమేషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసే, అంటే వీడియోగా మార్చి బయటికిచ్చే బల్ల దగ్గరికి ఆయనను మార్చారు. అక్కడ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే తెలుపును ఆయన ఏనాడూ నమ్మలేదు. అది రంగు కాదు, ఖాళీ. గీసేటప్పుడు కాగితంలా కనిపిస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేయగానే మాయమవుతుంది. అడుగున బ్యాక్‌గ్రౌండ్ వేయకపోతే బొమ్మ వెనక చీకటి కమ్ముకుంటుంది. అందుకని అసలు బ్యాక్‌గ్రౌండ్ వేసే ముందు, అన్నిటికంటే కింద ముదురు ఎరుపు పరిచి, రంగు నింపని చోట అది తొంగిచూస్తుందేమోనని కళ్లప్పగించి చూసేవారు. మేం దానికి ఎర్రట్ట అని పేరు పెట్టాం. చివరికి ఆయన పేరే అదయింది.

మేనేజరుగారికి ఈ ఎరుపు గిట్టేది కాదు. కుంచెల గది పోయిందన్న కక్షతో ఆయన కావాలనే పని సాగదీస్తున్నారని వారి అనుమానం. టూత్‌పేస్టు ప్రకటన పూర్తయిన రోజున, ఆ కంపెనీ పెద్దమనిషి అవతల గదిలో ఎదురుచూస్తున్నారు. "ఇంకా ఏం చూస్తున్నారు మాస్టారూ? కానివ్వండి!" అని మేనేజరుగారు తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆ తొందరలో మాస్టారు పరిచిన ఎరుపును చూడనూ లేదు, తీయనూ లేదు. నీలాకాశం వేయకుండానే ఎక్స్‌పోర్ట్ చేసేశారు.

తెర మీద ఎర్రటి వెలుగులో ఒక పాప నవ్వింది. పళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

"మా పేస్టుతో తోముకుంటే నోట్లో నెత్తురు కారుతుందనా మీ ఉద్దేశం?" అన్నారు పెద్దమనిషి.

మేనేజరుగారి మొహం మాడిపోయింది. "నాకు మొదట్నుంచీ అనుమానమే. కావాలనే చేశారు కదూ? రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"ఎరుపు తీయడం మరిచిపోయింది నేనేనండీ. తిట్టండి, పడతాను. కానీ నేను వేసింది పాప వెనక. పళ్లలోకి ఎలా వచ్చింది?"

రంగులు నింపే అమ్మాయి గొంతు మూల నుంచి సన్నగా వినిపించింది. "కంప్యూటర్లో తెల్లగానే ఉన్నాయి కదా సార్... అందుకే పళ్లకు రంగు వేయలేదు."

"మరి ఆ నీలాకాశం వేసి ఇచ్చి ఉంటే?" పెద్దమనిషి అడిగారు.

"నీలం పళ్లొచ్చేవండీ. లేత నీలం కాబట్టి ఇక్కడ ఎవరి కంటా పడేవి కావేమో. బయటికెళ్లాక ఊరంతా చూసేది" అన్నారు మాస్టారు.

పెద్దమనిషి ఫక్కున నవ్వారు. "సరే, పళ్లు తెల్లబడేదాకా ఇక్కడే కూర్చుంటా. ఆ ఎరుపు మళ్లీ వేసి చూపించాకే తీసుకెళ్తా."

బేరం నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. అయితే మాస్టారి అనుమానం మాత్రం ఆ రోజు నుంచి తన మీదికే తిరిగింది. తాను ఎరుపు తీశారో లేదో చూసే పనిని అడిగి మరీ ఆ అమ్మాయికి ఇప్పించారు.

"ఎరుపు తీశారా సార్?"

"తీశానమ్మా."

"ఏదీ, చూపించండి."

మాస్టారు చూపించేవారు. ఇన్నేళ్లూ ఒకరినొకరు నమ్మని ఆ ఇద్దరి బల్ల దాటి వెళ్లిన పనిని మాత్రం కొనేవాళ్లు కళ్లు మూసుకుని నమ్మారు. వ్యాపారంలో ఇంతకు మించిన లాభం మాకు తెలియదు. ఇకపై ఆ కుర్చీ ఆమెదే.

"మరి నన్నెవరు అనుమానిస్తారు సార్?" అని మొన్న ఆమె అడిగితే, "మేనేజరుగారున్నారుగా, ఆయనకు అలవాటే!" అన్నారు మాస్టారు. అందరికంటే ముందు నవ్వింది మేనేజరుగారే.

పరీక్షలన్నీ చేసి ఆరోగ్యం భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పినా మాస్టారు నమ్మలేదని, ఇంకో డాక్టరుకు చూపించుకుని వచ్చారని వారి శ్రీమతిగారు అంటున్నారు. ఆ అనుమానమే ఆయనకు శ్రీరక్ష కావాలని, ఆ దంపతులు ఆయురారోగ్యాలతో నిండుగా చిరకాలం జీవించాలని సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాం. ఈ మాటల అడుగున కూడా మాస్టారు ఎరుపు పరిచి చూసుకోవచ్చు. ఎక్కడా ఖాళీ కనిపించదు.