సందులు, సంచులు

దర్జీ కొట్టు కిటకిటలాడుతోంది. కొమ్ములు కప్పే టోపీల కోసం, తోక కనబడని పంట్లాముల కోసం జనం కాచుకున్నారు. బల్లకు ఇటు రెక్కల పిల్ల, అటు మూరెడు చెవుల మరుగుజ్జు దర్జీ.

"బాబాయ్, కోటు వీపుకి సందులు పెట్టమంటే ఈ సంచులేమిటి?"

"సంచులని వినబడిందమ్మా. రెక్కలు మడిచి అందులో దోపుకో."

"దాచనని అమ్మకి మాటిచ్చాను. ఇవాళే ఉద్యోగంలో చేరాలి, మనుషుల ఆఫీసులో."

"రెక్కాడితే గాని డొక్కాడదన్నది వాళ్ల సామెత. అక్కడ నీ రెక్క ఆడిందో, డొక్క మాడుతుంది."

"వేళాకోళాలొద్దు. చీమ తుమ్మినా వినబడే చెవులు నీవి. సందులు సంచులెలా అయ్యాయి?"

దర్జీ గొంతు తగ్గించాడు.

"పోయిన నెల మీ అక్కకి సందులే కుట్టాను. ఆఫీసు గేటు దగ్గరే ఆపేశారు. మధ్యాహ్నానికల్లా వచ్చి, ఆ సందులు మూసి కుట్టెయ్యమంది."

"మాతో సందులు తనే వద్దనుకున్నానని చెప్పిందే."

"ఇంట్లో అలాగే చెబుతారమ్మా."

ఆమె రెక్కలు మడిచి కోటు తొడుక్కుంది.

"ఇరుగ్గా ఉంది బాబాయ్."

"ఊరంతా సందులే. మనకి మాత్రం సందు లేదు."

వెనక నుంచి కొమ్ములాయన నవ్వాడు. "రెక్కలు దాచనంది, అప్పుడే సంచిలో వేసిందే."

దర్జీ కొట్టంతటికీ వినబడేలా గొంతు పెంచాడు.

"ఆ పిల్లనేమీ అనకండి. తను సందులే అడిగింది. నేనే చెవిటి వెధవని, సంచులనుకుని కుట్టాను."