రెండో కొన పట్టుకున్న తెరెజా

"అవ్వా, నువ్వు నార్వే పోయి బొమ్మలేసి వచ్చినావు గదా, ఆడ ఒక్కదానివే ఉండేదానికి భయం కాలేదా? నాకూ అట్లే పిలుపొచ్చింది గానీ, పోవల్నా వద్దా అని నిన్నట్నుంచి తేల్చుకోలేకుండా ఉండా."

భయమా. అయింది మే, ఎందుకు కాదు. అయితే నువ్వనుకొనే భయం కాదు అది. విమానం భయం, సలి భయం, తిండి భయం, అవన్నీ నాలుగు దినాల్లో పోతాయి. నాకైన భయం వేరే. మీ తాతకు కూడా సగమే సెప్పినా, పూరా సెప్తే మళ్ళ యాడికీ పోనీడని. కూసో ఇట్ల. ఫోన్లో రికార్డు పెట్టుకుంటావా, పెట్టుకో. మా సెల్లెలి మనవరాలివని సెప్పేది కాదు గానీ, నీ సెయ్యి మంచిది, కలం నిలబడతాది నీకు. అందుకే పిలిచినారు.

అదొక పెద్ద ఇల్లు. ఊరికి అవతల, అడవికి ఇవతల. బొమ్మలేసేవాళ్ళను, పుస్తకాలు రాసేవాళ్ళను, పాటగాళ్ళను దేశదేశాల్నుంచి పిలిపించి, గది ఇచ్చి, కూడు పెట్టి, మూడు నెలలు మీ పని మీరు సేసుకోండి, కడాన ఒకరోజు అందరికీ సూపించండి అంటారు. అంతే. నన్నెట్ల పిలిచినారంటే, ఆ యింటి పెద్దామె ఒకసారి కాళాస్తికి వచ్చింది, మా వరండాలో కూసోని నేను కలంకారీ ఏసేది సూసి పోయింది. నాకు ఇంగ్లీషు రాదని తెలిసే పిలిచింది. ఆమె మంచిది. ముందే సెప్తావుండా, మళ్ళ నువ్వు తప్పుగా అనుకోవద్దు.

నా పక్క గదిలో తెరెజా ఉండేది. పోర్చుగల్ దేశం పిల్ల. పిల్లంటే, ముప్పై ఏండ్లు ఉంటాయేమో. ఫిడేలు ఉంటాది సూడు, దానికి పెద్దక్క మాదిరి ఒకటి, కాళ్ళ నడమ పెట్టుకోని వాయిస్తాది. గోడకు ఇవతల నేను గీతలు గీస్తావుంటే అవతల అది వాయిస్తావుంటాది. దాని మాట నాకు రాదు, నా మాట దానికి రాదు. టీ పెట్టుకుంటే నాకొక గ్లాసు తెచ్చేది, సక్కెర లేకుండా. నేను దాని ముందరే సక్కెర కలుపుకొనేది. కొన్నాళ్ళకు అదే కలిపి తెచ్చింది.

నేను పార్వతీ కల్యాణం ఏస్తావుండా. గోడంత పొడుగు గుడ్డ. ఇంటికాడే పాలు, కరక్కాయ పట్టించి ఎత్తుకోని పోయినా. నల్ల గీత అయింది, పటిక పూసేది అయింది. పటిక పూసినాక పారే నీళ్ళలోనే జాడించల్ల, నీకు తెలుసు గదా. తొట్టిలో ముంచితే పటిక కరిగి పక్క జాగాలో కూసుంటాది, మళ్ళ ఎర్ర రంగు యాడబడితే ఆడ ఎక్కుతాది. మన స్వర్ణముఖిలో నీళ్ళు పారే కాలంలో మా నాయన ఒక కొన, నేనొక కొన పట్టుకోని మోకాళ్ళ లోతులో నిలబడేది. ఇప్పుడు ఆ యేట్లో నీళ్ళు యాడుండాయి, మోటారు పెట్టి పైపుతో కొట్టుకుంటావుండారు. సరే, అది వదిలిపెట్టు.

ఆ యింటి ఎనక ఒక యేరు. నేను పోయినప్పుడు గడ్డ కట్టి ఉండేది. ఎండలు వచ్చినాక నడమ నీళ్ళు పారేది కనిపిస్తావుండాది. ఒక మజ్జాన్నం గుడ్డ మూట కట్టుకోని దిగినా. తెరెజా కిటికీలోనుంచి సూసింది. కోటు ఏసుకోని ఉరికొచ్చి మూటకు ఒక పక్క పట్టుకునింది. వద్దన్నా. నవ్వింది. ఇంగ సరేలే అని, ఆ కొన ఎట్ల పట్టుకోవల్లనో సైగ సేసి సూపించినా. అది జారిపోకుండా మణికట్టుకు సుట్టుకునింది.

నేను రాతి మింద ఉండా. తెరెజా నేల అనుకోని నిలబడిన జాగా నేల కాదు. మంచు. కింద నీళ్ళు తినేసి పలక మాదిరి మిగిలిన మంచు. టప్ మని ఒక సద్దు, అంతే, మనిషి లేదు. తలకాయ ఒక్కటి కనిపించి మళ్ళ పాయ. గుడ్డ నా సేతుల్లో బిర్రుగా లాగింది. యేరు ఆ పిల్లను మంచు కిందికి ఈడ్సుకోని పోతావుండాది.

కూలబడి, రాతికి రెండు కాళ్ళు తన్నిపెట్టి ఎనక్కి వాలినా. సర్రుమని గుడ్డ సినిగింది, శివుడుండే పక్క, మూరెడు సినిగింది. తడిగుడ్డ పిండేటప్పుడు మెలేస్తాం సూడు, అట్ల మెలేసినా రెండు సేతుల్తో. ఏమీ తోచి కాదు, సేతులకు అలవాటైన పని అది. మెలేస్తే మోకు మాదిరి అయింది, సినుగు ఆగింది. కానీ లాగేదానికి నాకు బలం యాడిది. పట్టుకోని ఉండేదే. "వదలద్దు తల్లీ, వదలద్దు" అని తెలుగులోనే అరస్తావుండా. అదీ వాళ్ళ భాషలో ఏదో అరస్తాది. రవంతసేపటికి అది అరిసేది ఆగిపాయ. అప్పుడు సూడు నాకు... మే, ఆ నీళ్ళ సెంబు ఇట్లియ్యి.

ఆ. ఆ ఇంట్లో వంట సేసే ఆయన నా కేకలు ఇని ఉరికొచ్చినాడు. ఇద్దరం లాగినాం. ఒడ్డుకు వచ్చినప్పుడు దాని పెదాలు నేరేడుపండు రంగు. గుడ్డ సుట్టుకున్న కుడి సెయ్యి వంకరపోయి ఉండాది. ఆంబులెన్సు వచ్చి ఎత్తుకోని పాయ. నన్ను ఎక్కనియ్యలా.

నన్ను ఆఫీసు గదిలో కూసోబెట్టి దుప్పటి కప్పినారు. పెద్దామె ఎదురుగా కూసోని ఫోను బల్ల మింద పెట్టింది. ఫోన్లో ఒక తెలుగామె, మా మాటలు ఇటూ అటూ మార్చి సెప్పేదానికి. గుంటూరు పక్క యాస.

"అమ్మా, మంచు కరిగే రోజుల్లో ఏటి దగ్గరికి వెళ్ళొద్దని మేడం గారు మొదటి రోజే మీకు చెప్పారట కదా. మీరు తలూపారట."

ఊపినా. మనం తలకాయ ఊపేది అవునని కాదు గదా మే, ఇంటావుండామని. అది ఆమెకు ఎట్ల తెలిసేది.

"ఆ అమ్మాయిని సాయం రమ్మని మీరు పిలిచారా అని అడుగుతున్నారు."

"పిలవలా. అదే వచ్చింది. ఆ పిల్ల బతికిందా, అది అడుగమ్మా ముందు."

"ముందు దీని సంగతి..."

"నేనింక దేనికీ బదులు సెప్పను. బతికిందా లేదా, అది అడుగు."

ఫోన్లో ఆమె ఆ మాటే పెద్దామెను అడిగింది. ఆమెకూ తెలీదు పాపం. తెరెజా వాళ్ళమ్మకు ఫోను సేసి ఏం సెప్పల్లనో తోచక నన్ను అడగతావుండాది. నన్ను ఊరికి పంపించేసే మాట కూడా వచ్చింది. పంపిస్తే పంపించండి, ఆ పిల్ల కండ్లు తెరిసేదాకా ఈ కుర్సీ లోనుంచి లెయ్యనన్నా. ఫోన్లో ఆమె దాన్ని ఎట్ల మార్చి సెప్పిందో ఏమో, పెద్దామె లేసి పొయ్యి నాకు కాపీ తెచ్చి పెట్టింది.

పొద్దు గూకకముందే ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది. బతికింది. తన ఇష్టంతోనే పోయినానని, ఆ యమ్మను ఏమీ అనొద్దని సెప్పిందంట. పెద్దామె నా పక్కన కూసోని ఏడ్సింది. నేనూ ఏడ్సినా. పంపించే మాట మళ్ళ రాలా.

అయితే భయం తీరలా మే. మణికట్టు ఇరిగింది, నరం నలిగింది, మళ్ళ వాయిస్తాదో లేదో సెప్పలేమన్నారు. ప్రాణం నిలబెట్టింది ఆ గుడ్డే, సెయ్యి ఇరిసిందీ ఆ గుడ్డే. మన పుత్తూరైతే... మా తమ్ముడు సింతమాను మిందనుంచి పడి కాలిరిగితే పుత్తూరు కట్టు కట్టించినాం గదా, లేసి తిరిగినాడు. ఆస్పత్రికి పోయినప్పుడు మళ్ళ ఆ తెలుగామే ఫోన్లో ఉంటే ఆ సంగతి సెప్పినా. "అమ్మా, ఇది కూడా డాక్టరు గారికి చెప్పమంటారా?" అనింది. సెప్పమన్నా. సెప్పింది పాపం. ఆయన శ్రద్ధగానే ఇన్నాడు.

సేతికి కట్టుతో తెరెజా మళ్ళ ఆ పెద్ద ఇంటికే వచ్చింది. తల దువ్వేది, కోటుకు గుండీలు పెట్టేది, అన్నం కలిపి పెట్టేది నేనే. గోడవతల సద్దు లేదు. నేను కలం ఎత్తలా. దాని ముందర కూసోని నేనెట్ల ఏసేది. ఒకరోజు అదే నా కలం ఎత్తి నా సేతిలో పెట్టి, తన గదికి పొయ్యి, ఎడమసేత్తో ఒక్క తీగ మీటింది. మళ్ళ అదే తీగ. మళ్ళ అదే. నేను గీత గీసేదాకా ఆపలా.

కడాన సూపించే రోజు వచ్చింది. సినిగిన గుడ్డనే తగిలిద్దాం, బాగుంటాదనింది పెద్దామె. కుదరదన్నా. దేవుడి పెండ్లి గుడ్డ సినిగింది గోడకు తగిలించే అలవాటు మాకు లేదు. మిగిలిన దినాల్లో ఒక సిన్న గుడ్డ మింద పార్వతి తపస్సు ఏసినా. పెండ్లి అయితాదో లేదో తెలీకుండా ఒంటికాలి మింద నిలబడి ఉండేది. అది సూపించినా. తెరెజా పేరు పిలిసినప్పుడు, అది లేసి నిలబడి, అందరినీ ఒకసారి సూసి, మళ్ళ కూసునింది. ఎవురూ సప్పట్లు కొట్టలా. నా సెయ్యి పట్టుకోని కూసునింది.

నేను ఊరికొచ్చి ఏడాది పైన అయింటాది, తెరెజా వీడియో ఫోను సేసింది. ఎత్తంగానే వాయించేదానికి మొదలుపెట్టింది. నడమ నడమ ఆగతాది, మళ్ళ అందుకుంటాది. కుడిసెయ్యి ఉంగరం వేలు ఇప్పటికీ పూరా వంగదని సైగ సేసి సూపించింది. ఆ వేలు లేకుండానే వాయించే కమాను పట్టేది నేర్చుకునింది. మీ తాత వచ్చి నా పక్కన కూసోని కడదాకా ఇన్నాడు. ఏం పాట అది అని అడగలా.

అందుకని, పో మే. ఏమీ కాదని నేను సెప్పను, అయ్యేది అయితాది. అయినప్పుడు పక్కన ఎవురో ఒకరు ఉంటారు, లేకుంటే నువ్వు ఎవురి పక్కనన్నా ఉంటావు. మనకాడ పెద్దోళ్ళు సల్లగుండమని దీవిస్తారు గదా. ఆడి సలి సూసినాక నాకా మాట నోట్లోనుంచి రాదు. ఎచ్చగా ఉండు తల్లీ. ఎచ్చగా ఉండు. నూలువి వద్దు, ఉన్నివి పెట్టుకో, మేజోళ్ళు రెండు జతలు ఎక్కువే పెట్టుకో, కాళ్ళు తడిస్తే మాత్రం అప్పటికప్పుడే మార్సుకోవల్ల, ఇంగ నూనె ఒక సీసా...