గాజు గిన్నె కింది మర

"నేనేమన్నా పెద్ద ఘనకార్యం చేసినానా? ఆ విమానం కడుపులో రవ్వన్ని నీళ్ళు చేరింటే తీసేసినా. అంతేప్పా," అన్నాడు దాసప్ప, శ్రీరంగప్ప హోటల్ ముందర బెంచీ మీద కాళ్ళు ముడుచుకోని కూర్చుంటా.

చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్వినారు. ఉరవకొండలో బావుల మీది ఆయిల్ ఇంజన్లు రిపేరు చేసే దాసప్ప, బావిలో పడిన ఇంజన్ని మీసానికి తాడు కట్టి పైకి లాగినానని చెప్పిన మనిషి. ఈయన నోరు తెరిస్తే పనులు మానుకోని వినేవాళ్ళుండారు, నమ్మేవాళ్ళు మాత్రం లేరు. అయితే ఆ పొద్దు చెప్పిన మొదటి మాట నిజం. నిజమని దాసప్పకొక్కనికే తెలుసు. అందుకే మాటిమాటికీ పడమటి దిక్కు చూస్తాండాడు.

ముందురోజు మధ్యాన్నం బెంగుళూరు దిక్కు నుంచి రెండు సీట్ల చిన్న విమానమొకటి దగ్గుకుంటా వచ్చి ఊరి పడమటి బీడులో దిగింది. నడిపే అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. బెంగుళూరి నుంచి మెకానిక్కును పంపమని తంతి కొట్టించి, ముసాఫిరు బంగళాకు పోయి పండుకున్నాడు. హెడ్డు కానిస్టేబుల్ దాసప్పను కాపలా పెట్టి, "దాని మీద చెయ్యి వేసినావంటే జైలుకే" అని బెదిరించి పోయినాడు.

చెయ్యి వెయ్యకుండా యెట్లుంటాడు? యుద్ధం రోజుల్లో దాసప్ప బెంగుళూరు విమానాల షెడ్డులో రెండేళ్ళు పనిచేసినాడు. కింద కారిన నూనె తుడవడమే ఆ పని, స్పానరు ఒక్కనాడూ చేతికిచ్చిన పాపాన పోలేదు ఎవరూ. కానీ పొద్దున్నే మెకానిక్కులు చేసేదంతా కండ్లారా చూసినాడు. పెట్రోలు గొట్టం కింద ఒక గాజు గిన్నె ఉంటాది. పెట్రోల్లో కలిసిన నీళ్ళు అందులో అడుక్కి దిగుతాయి. గిన్నె కింది మర విప్పి, ఆ నీళ్ళు వదిలేసి, మళ్ళా బిగించి, మర కదలకుండా సన్నతీగె మెలిపెట్టి కడతారు.

తెల్లారగట్ల దాసప్ప ఆ తీగె విప్పినాడు. మర తిప్పినాడు. సగం గిన్నె నీళ్ళే. ఇరవై ఏండ్ల ఆశ తీరినట్లయి ఒళ్ళంతా జల్లుమనింది. అంతలో రస్తా మీద కానిస్టేబుల్ సైకిల్ బెల్లు వినపడింది. మరను బిరబిరా చేత్తోనే తిప్పి లేచినాడు. తీగె పిడికిట్లోనే మిగిలిపాయ. దాన్ని కంపచెట్లలోకి విసిరేసినాడు.

ఎనిమిదింటికి పైలట్ వచ్చి ఇంజను తిప్పితే అది కుదురుగా పలికింది. మెకానిక్కు అక్కరలేదని ఇంకొక తంతి పాయ, దాసప్ప కాపలా అయిపాయ. ఇప్పుడు కూలోళ్ళు బీడులో రాళ్ళు ఏరి దారి చేస్తాండారు. గంటలో ఎగురుతాడంట.

చెప్తే జైలు. చెప్పకపోతే... చేత్తో బిగించింది చాల్లే అనుకున్నాడు దాసప్ప. ఆయిల్ ఇంజన్ల అదురుకు ఎన్ని మరలు ఊడి రాలినాయో తన చేతులకే తెలుసు. ఆ ఆలోచన నిలవనీకుండా నోరు నడిపిస్తా పోయినాడు.

"నీళ్ళు తీసినాక బాగైందో లేదో చూడొద్దా? ఎక్కి కూర్చున్యా. అది ఊరికే అట్ల లేచింది చూడు, కోడిపుంజు గోడెక్కినట్ల. సరే లేచింది గదా, ఒకసారి గుత్తిదాకా పోయొద్దామని పోతిని. కోటమీదికి పోతానే పెట్రోలు అయిపాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"పడింటావు," అనింది పక్కన గంప ముందర పెట్టుకోని చెనిక్కాయ బుడ్డలు అమ్మే నల్లమ్మ.

"నేను పడేవాణ్ణా? కింద గానుగ కనపడె. తాడుకు డబ్బా కట్టి జారవిడిచినా. గానుగాయప్ప చెనిక్కాయ నూనె నిండా పోసి పంపిచ్చె. పోసినా ట్యాంకులో. ఇంజను పట్టుకున్యాది! యెనకమాల గొట్టంలోనించి వడల వాసన. గుత్తి టేషన్లో మద్రాసు మెయిలు నిలబడింటే, పెట్టెల్లో జనమంతా కిటికీల్లోనించి తలకాయలు బయటికి పెట్టి, ఓ అన్నా, నాలుగు వడలు అని పైకి చేతులు చాపిరి."

శ్రీరంగప్ప నవ్వుతా నవ్వుతా టీ వంచేది మరిచిపోయినాడు.

పడమటి నుంచి ఇంజను గుర్రుమని లేచి ఆగింది. దాసప్ప గొంతు ఇంకా పెంచినాడు.

"అట్లే లేపాక్షి మీదికి పోతే, ఆడ రాతి బసవన్న ఈ సద్దుకు ఉలిక్కిపడి మెడ తిప్పి చూసినాడు! తప్పయిందిలే సామీ అని దండం పెట్టి ముందుకు పోతిని. మైసూరు దాటినాక చూస్తును గదా, మోడాలప్పా, వాన మోడాలు! నల్లగా, చూలు ఎనుముల మాదిరి మేస్తాండాయి. మన పక్క మూడేండ్ల నుంచి చినుకు లేకపాయె, ఈడ ఇన్ని పెట్టుకోని యేం చేస్తారని మండె నాకు. ధర్మవరం పట్టుదారం ఉండె జేబులో. అన్నిట్లోకి బలిసిన మోడం మెడకు ఉచ్చు వేసి, రెండోకొస విమానం తోకకు కట్టి ఈడ్చినా. రాదే! కాళ్ళు తన్నిపెట్టి అరుస్తాది. నేను బుజ్జగిచ్చి, బెదిరిచ్చి పెన్న దాటిచ్చినా."

నవ్వులు కొంచెం తగ్గినాయి. విత్తనాలు ఇండ్లల్లోనే ఉండే జూన్ నెల అది. నల్లమ్మ ఆకాశం దిక్కు చూసింది.

"పెన్న దాటిచ్చినోనివి మా సేన్లో వదలకపోతివే దాసన్నా," అనింది. గొంతులో ఎగతాళి లేదు.

"తెస్తాండా గదమ్మా, తెస్తాండా. ఊరు కనపడతాండాది. ఇంకొక్క మైలు. అంతలో..." దారం తెగిందని చెప్పాలనుకున్నాడు దాసప్ప. నోట్లోనించి వేరే మాట వచ్చింది. "అంతలో కింద పెట్రోలు కారతాండాది. బొట్టు బొట్టుగా. మర ఊడింది. ఆ పిల్లోనికి తెలీదు..."

"యే పిల్లోడు?" అన్నాడు శ్రీరంగప్ప. "నడిపేది నువ్వే గదా?"

దాసప్ప చేతులు రెండూ తువ్వాలుకు తుడుచుకున్నాడు.

బెంచీ చివర కూర్చున్న, ఎద్దులబండి తోలే యేసన్న అంతసేపూ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "దాసప్పా, పొద్దున నీళ్ళు తీసినానంటివే. ఆ విప్పింది మళ్ళా సరిగ్గా బిగించినావా?" అని అడిగినాడు.

"ఏం యేసన్నా, నువ్వు గూడా నమ్మితివా!" అన్నారెవరో.

"మోడం సంగతి కాదప్పా నేనడిగేది. ఈయన చేతులు పెట్రోలు వాసన కొడతాండాయి. బండి చక్రం ఊడకుండా సీల పెట్టేది మరిచి ఒకసారి బయల్దేరినా నేను. సగం దారిలో గుర్తొచ్చింది, ఏం కాదులే అని తోలినా. మా తమ్ముని కాలు పాయ. నాకు తెలుసు, ఆ పొద్దు నా మొగం ఇట్లే ఉండింటాది. చెప్పు. బిగించినావా?"

"చేత్తో తిప్పినా అంతే. తీగె కట్టలేదు యేసన్నా," అన్నాడు దాసప్ప. ఆ మాట చెప్తానే లేచి పరిగెత్తినాడు.

బీడుకు అర మైలు. చెప్పులు ఊడిపోయినాయి. పల్లేరుకాయలు గుచ్చుకుంటాండేది తెలీలేదు. ఆయన పోయేతలికి ముందర రెక్క గిర్రున తిరుగుతాండాది, ఎర్రదుమ్ము లేస్తాండాది, విమానం కదలను సిద్ధంగా ఉండాది. దాసప్ప తువ్వాలు ఊపుకుంటా ఎదురుగా పోయి నిలబడినాడు. కానిస్టేబుల్ కేకలు పెట్టినాడు. పైలట్ తిట్టినాడు. ఇంజను ఆగేదాకా దాసప్ప కదల్లేదు.

"కింద చూడు సామీ. గాజు గిన్నె కింద."

పైలట్ దిగి, వంగి, చెయ్యి పెట్టినాడు. వేళ్ళు తడిసినాయి. మరను ముట్టుకుంటే చాలు, తిరుగుతాండాది. కింద ఎర్రమట్టిలో ఇంత తడిమచ్చ. అబ్బాయి చాలాసేపు ఆ మచ్చనే చూసినాడు.

"ఎవరు ముట్టింది?"

"నేనే," అన్నాడు దాసప్ప. కానిస్టేబుల్ వచ్చి మెడ ఒడిసి పట్టుకున్నాడు. దాసప్ప షెడ్డు సంగతీ, నీళ్ళ సంగతీ, కంపల్లో పారేసిన తీగె సంగతీ అన్నీ చెప్పినాడు. ఒక్క మాట పెంచలేదు.

"నీళ్ళు ఎంత వచ్చినాయి?"

"సగం గిన్నె."

పైలట్ గట్టిగా ఊపిరి వదిలినాడు. "పొద్దున నేనే చూడాల్సింది. ఇంజను బాగా తిరిగిందని చూడలేదు. ఆయన్ని వదిలిపెట్టండి," అన్నాడు. పెట్టెలోనించి కొత్త తీగె తీసి, స్పానరుతో మర బిగించి, తీగె మెలిపెడతా, "దగ్గరికి రా. చూడు. ఈ పక్కకు మెలేస్తే బిగుసుకుంటుంది, ఆ పక్కకేస్తే వదులవుతుంది," అన్నాడు. పది నిమిషాలు ఇంజను తిప్పి, మళ్ళా కిందికి దిగి గిన్నె తడిమినాడు. వేళ్ళు పొడిగా ఉండాయి. అప్పుడు ఎక్కినాడు.

విమానం లేచింది. హోటల్ దగ్గరి జనమంతా ఆడికే వచ్చి నిలబడినారు. అది చుక్కయి కనపడకుండా పోయినా దాసప్ప తల దించలేదు. ఇంజను సద్దు మధ్యలో తెగుతాదేమో అని చెవులు రిక్కించుకోని ఉండాడు.

"పోయిందిలేప్పా," అన్నాడు యేసన్న.

"సద్దు ఆగలేదు గదా?"

"లేదు. దూరం పాయ, అంతే."

దాసప్ప మట్టిలోనే కూర్చోని పాదంలో దిగిన ముండ్లు తీసుకుంటాండాడు. శ్రీరంగప్ప ఎప్పటి మాదిరే కదిలించినాడు: "మోడం కథ సగంలోనే నిలిపితివే. చెప్పు, ఆ తర్వాత ఏమైంది?"

"అది అబద్ధమప్పా," అన్నాడు దాసప్ప.

"మాకు తెలీదనుకుంటివా?" అనింది నల్లమ్మ.

"తెలిస్తే మరి... మొదట చెప్పింది నిజమే గదమ్మా. నీళ్ళు తీసినానని చెప్పినా గదా. అప్పుడే ఒకరన్నా లేచి రాకపోతిరే!"

యేసన్న వంగి ఆయన చెయ్యి పట్టి పైకి లేపినాడు.

"ఇన్నేండ్లు నీ దగ్గర కూర్చున్నోళ్ళం," అన్నాడు. "నువ్వు నిజం చెప్తే యెట్లుంటాదో మేమెప్పుడు చూసినాము దాసప్పా, గుర్తుపట్టనీకి?"