కాశీ చెంబు

యుద్ధపు రోజులు. బెజవాడ స్టేషనులో కలకత్తా బండి, మూడో తరగతి పెట్టె. భవానీపురంలో తమ వీధి మొత్తానికి కాశీ చూసొచ్చిన ఒకే ఒక్కడు, జవుళి సాంబమూర్తి, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ చోటు అతనికోసం ముందే వచ్చి పట్టిన నేతపని చౌడయ్య, ఒళ్లో మూటతో అతని పక్కన.

"అది కాదురా చౌడయ్యా, ఆ మూట నా మోకాలికి గుచ్చుకుంటోంది. బల్లకిందికి తొయ్యి."

"తొయ్యను బావా. అమ్మ ఉంది ఇందులో."

"ఉంటే? అస్థికలకి తిమ్మిరెక్కుతుందా? నాకెక్కుతుంది. నేను కాశీ వెళ్లినప్పుడు..."

"ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసులే."

"తెలియకేం? తిరిగొచ్చిన రోజు మేళం పెట్టి తీసుకెళ్లారు నన్ను. నీ పెళ్లికైనా లేదు ఆ మేళం! మీ అమ్మే నా కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంది."

"చల్లుకుంది."

"పోయేముందు నోట్లో పోసిన గంగ ఎవరిది? నా చెంబులోదే కదా? కరణంగారు అడిగినా మూత తియ్యలేదు నేను."

"కాదన్నానా? అందుకే కదా నిన్ను బతిమాలి తెచ్చుకుంటున్నది. నాకా భాష రాదు, దారి తెలీదు. అమ్మని గంగలో కలపకుండా ఇంటికెళ్లే మొహం లేదు నాకు. ఈ మూట మళ్లీ గడప దాటి లోపలికి రాకూడదు కూడానూ."

"ఊఁ... ఒరే, ఎవరో తుమ్మారు."

"ఆ పెద్దాయన పొడుం పీల్చాడు బావా. పొడుం తుమ్ము శకునం కాదు."

"ఏ శాస్త్రంలో ఉంది? పైగా బయల్దేరేటప్పుడు మీ ఆవిడ 'ఎక్కడిదాకా' అననే అంది. అప్పుడే నాకు మనసు కీడు శంకించింది."

"ఈ బండి ఎక్కడిదాకా పోతుందని అడిగింది."

"అడిగింది కదా! దిగుదాం పద. దశమినాడు బయల్దేరితే దివ్యంగా ఉంటుంది."

"దశమి మొన్న అయిపోయింది. ఆ రోజు వర్జ్యం అన్నావు. అదిగో, కూతేశాడు. కదిలింది."

"కదిలిందా? అమ్మో... అదే, అమ్మయ్య అంటున్నా."

"బావా, కాశీలో దిగాక గంగకి ఎటు పోవాలి?"

"ఎటేమిటి? తిన్నగా."

"ఎవర్నైనా అడగాలంటే?"

"గంగా హై? అనాలి. వాడు హై అంటాడు."

"ఇంతేనా?"

"ఇంతే. అసలు నన్నడిగితే కాశీదాకా ఎందుకురా? దారిలో రాజమండ్రి ఉందా? గోదావరి అంటే సాక్షాత్తూ దక్షిణ గంగ. మీ అమ్మకి మాటా మంచీ తెలిసిన నది. కాశీలో అయితే పాపం, హిందీలో మునగాలి."

"అమ్మ కాశీ అంది బావా."

"అంటుంది. మన కృష్ణ మాత్రం ఏం తక్కువ? పుష్కరాలకి గంగ నడిచొచ్చి మన కృష్ణలో మునుగుతుంది. తనే ఇక్కడికి వస్తుంటే మనం ఎగేసుకుని అక్కడికి వెళ్లడం ఏం మర్యాద?"

"బండి ఆగిందే!"

"ఆగిందా? ఎక్కడ?"

"గుణదల. మిలిటరీ బండికి దారిస్తున్నారట. మా అమ్మ పుట్టిల్లు ఈ తోటల వెనకే... అదేంటి, తల కిందికి పెడతావేం?"

"చెప్పు జారింది."

"యాత్రకి చెప్పులు పనికిరావని వదిలేసి వచ్చావుగా."

"కిటికీ ముయ్యి ముందు. దుమ్ము!"

"జామకాయలండీ, దోర జామకాయలు! అయ్యో, మీరు కాశీ బాబుగారు కదండీ? నేనండీ, శౌరమ్మని! తలెత్తండి బాబూ!"

"ఎవరమ్మా నువ్వు? పొరబడ్డావు."

"భలేవారండీ! బండిలో జనాన్ని చూసి గుండాగిపోతోందని ఇక్కడే దూకేశారు. మా తోట పాకలో నెల్లాళ్లున్నారు. నా చేతి చేపల పులుసు మూకుడు నాకిన మనిషిని మర్చిపోతానాండీ? వెళ్లేటప్పుడు మా బావి నీళ్లే చెంబులో పోసుకుని, లక్కతో మూత కూడా..."

"నీ జామకాయలొద్దు, వెళ్లు!"

"ఊరికే ఇస్తున్నాను, పట్టండి. ఈసారీ ఇక్కడే దిగుతారాండీ? పాక ఖాళీగానే ఉంది."

"దిగరు శౌరమ్మా. నువ్వెళ్లు."

"ఒరే చౌడయ్యా... అలా చూడకురా. ఆ పెట్టెలో ఊపిరాడలేదురా నాకు. వీధంతా వచ్చి దణ్ణాలు పెట్టి సాగనంపారు. సాయంత్రానికే తిరిగి ఏ మొహంతో రాను? తిట్టరా. మీ అమ్మ నోట్లో బావి నీళ్లు పోయించాను. తిట్టు."

"జామకాయ తిను."

"నే దిగిపోతాను. నన్ను నమ్ముకుంటే నీ తల్లి గంగకి చేరదు. 'హై' తప్ప నాకు ఇంకోముక్క రాదు."

"కూర్చో. కిటికీ పక్క చోటు ఎందుకు పట్టాననుకున్నావు? గాలాడుతుందనే."

"అంటే... నీకు ముందే తెలుసా?"

"చుక్క నాలిక మీద పడగానే అమ్మ నవ్వింది బావా. 'ఇవి మా గుణదల బావి నీళ్లురా, ఆ ఉప్పదనం నాకు తెలీదూ? పుట్టింటి నీళ్లు తాగించాడు, మంచిదే. పాపం, ఆ సాంబడే గంగని చూసెరగడు. నన్ను కలిపే వంకతో వాణ్ణి తీసుకెళ్లి చూపించరా. గుణదల దాటేదాకా మాత్రం చెయ్యి వదలకు' అంది."